రెండు నీలం, ఒక పసుపు

మార్చి 4, 2003, మంగళవారం

రేపటి నుంచి తపస్కాలం. ఈ నలభై రోజులూ ఏం మానేస్తావని ఫాదర్ అడిగితే సణుగుడు మానేస్తానని చెప్పి వచ్చాను. చాక్లెట్ అని ఉంటే సరిపోయేది.

మానేసింది నోటితో సణగడమే కాబట్టి చేత్తో సణగడం లెక్కలోకి రాదని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. సిస్టర్ల స్కూల్లో పన్నెండేళ్ళు చదివినందుకు ఈ మాత్రం తర్కం అబ్బింది.

వీధిలో మార్డీ గ్రా పండగ ఊరేగింపు. పూసల దండలు మా వరండా మీద వచ్చి పడుతున్నాయి. అమ్మమ్మ చెవుల్లో దూది పెట్టుకుని కూర్చుంది. ఇవాళే ఆఖరి అవకాశం కనక ఆఫీసులో తనివితీరా సణిగాను. అంటే బాత్‌రూంలో, కుళాయి తిప్పి.

మార్చి 5, బుధవారం

విభూది బుధవారం. నుదుటి మీద బూడిదతో మా మ్యూజియం కమిటీ మీటింగుకు వెళ్ళాను. అక్కడేదో అంటుకుందమ్మాయ్, తుడుచుకో అంది మిస్ జోసెలిన్. ఈ ఊళ్ళో పుట్టి పెరిగిన మనిషి. ఏటా అంటుందట.

మార్చి 6, గురువారం

మా ఊరు సెరాఫిన్‌కి ఈ సంవత్సరం నూట యాభై ఏళ్ళు నిండుతాయి. పాత బ్యాంకు భవనంలో ఉన్న మా మ్యూజియంలో ఏప్రిల్ 26న ప్రదర్శన మొదలు. వస్తువుల పక్కన పెట్టే లేబుళ్ళు రాయడం నా ఉద్యోగం. రాసిన ప్రతి లేబులూ కమిటీ అధ్యక్షురాలు మిస్ జోసెలిన్ థాక్స్టన్ పెన్సిల్ కింది నుంచి పోవాలి. ఆవిడ తండ్రి ఎల్డన్ థాక్స్టన్‌ది ఒకప్పుడు కలప మిల్లు. ఊళ్ళో సగం ఇళ్ళ దూలాలు ఆ మిల్లువే. లైబ్రరీకి ఆయన పేరే.

ఇవాళ పొద్దున వెనక తలుపు దగ్గర ఒక అట్టపెట్టె ఉంది. చీటీ లేదు, పేరు లేదు. డైరెక్టర్ మిస్టర్ వెండెల్ మూత తీసి, వెంటనే మూసి, వెళ్ళి గది తలుపు కూడా మూశారు. ఆ గదిలో ఉన్నది మేమిద్దరమే.

లోపల టిష్యూ కాగితాల్లో, నాఫ్తలిన్ ఉండల మధ్య, ఒక తెల్ల అంగీ. మొనదేలిన టోపీ. కళ్ళకు రెండు కంతలు. ఎంత శుభ్రంగా మడిచారో. పెళ్ళి గౌను కూడా అంత జాగ్రత్తగా దాచరు.

సాయంత్రం కమిటీ కూర్చుంది. పెట్టాలా, వద్దా. మిస్ జోసెలిన్ చాలాసేపు కిటికీలోంచి చూసి, ఒక మూల పెట్టండి, హడావుడి చెయ్యకండి అంది. లేబుల్ కూడా ఆవిడే చెప్పింది. "అంగీ. సుమారు 1960. యజమాని తెలియదు."

మూడు ముక్కల్లో మా ఊరు ముగిసింది.

మార్చి 10, సోమవారం

సోమవారం కనక ఎర్ర చిక్కుడు గింజలు, అన్నం. మా వైపు సోమవారం ఉతుకుడు రోజు. పొయ్యి మీద గింజలు పడేస్తే వాటి మానాన అవి ఉడుకుతాయి, ఆడవాళ్ళు గంగాళాల దగ్గర చచ్చేలా పనిచెయ్యొచ్చు. అమ్మమ్మ ఉతకడం మానేసి పాతికేళ్ళు. సోమవారం గింజలు మాత్రం మానదు.

ఫిలోమెన్ గిడ్రీ, ఎనభై ఆరేళ్ళు, మా అమ్మమ్మ. ముప్పై ఒక్క ఏళ్ళు ఆరు తెల్లవాళ్ళ ఇళ్ళ బట్టలు ఉతికింది.

తాతయ్య ఓరేలియన్ మా చర్చిలో గంట కొట్టేవాడు, చర్చి ట్రక్కు నడిపేవాడు. 1965 ఆగస్టులో నల్లవాళ్ళ ఓటు హక్కు చట్టం వచ్చిన వారంలోనే, పేరు నమోదు చేయించుకునే వాళ్ళని ట్రక్కులో కోర్టుకు తీసుకెళ్ళడం మొదలుపెట్టాడు. రెండు రోజులు తీసుకెళ్ళాడు. మూడో రోజు, పదమూడో తారీకు, జనాన్ని దింపి తిరిగొస్తుంటే వంతెన దగ్గర అంగీలు వేసుకున్నవాళ్ళు ఆపారు. దూరంగా చేపలు పడుతున్న ఇద్దరు చూశారు. సోమవారం బయూలో, ఆ వంతెన కింది బురద ఏటిలో, శవమై దొరికాడు. షెరీఫ్ కాగితంలో "మునిగిపోయాడు" అని ఉంది. తాతయ్య ఆ బయూని చిన్నప్పటి నుంచీ ఈదుతూ దాటినవాడు.

ప్రదర్శనలో తాతయ్య పేరు ఉండాలి. మునిగిపోయాడని కాదు, చంపారని ఉండాలి. ఇది నేను ఎవరికీ చెప్పలేదు. మీటింగులో నోరు తెరిస్తే నా గొంతు నాకే వినపడదు.

అంగీ సంగతి అమ్మమ్మకి చెప్పలేదు.

మార్చి 14, శుక్రవారం

గోడ మీద పెట్టే చరిత్ర నూట యాభై మాటల్లో రాయమన్నారు. నూట యాభై ఏళ్ళకి నూట యాభై మాటలు. ఎవరికి తోచిందో గాని పెద్ద తెలివి.

నేను రాసింది ఇది. అంతర్యుద్ధంలో ఓడిపోయిన సైనికులు ఆరుగురు టెనెసీలో ఒక చిన్న ఊళ్ళో ఈ అంగీల సంఘాన్ని మొదలుపెట్టారు. సరదాకి అన్నారు. ఆ సరదా రెండేళ్ళలో బడులు తగలబెట్టింది, ఓటు వేసినవాళ్ళని పక్కల మీంచి లాగి కొట్టింది. 1868 ఎన్నికల ముందు ఇలాంటి సంఘాలు మా ఒక్క రాష్ట్రంలోనే వెయ్యిమంది దాకా చంపాయి. ఢిల్లీకి గల్లీకి ఉన్నంత దూరంలో ఉన్న వాషింగ్టన్ 1871లో చట్టం చేస్తే అణిగింది. 1915లో జార్జియాలో ఒక కొండ మీద మళ్ళీ లేచింది. ఈసారి ఏజెంట్లు ఊరూరా తిరిగి కమీషన్ మీద సభ్యుల్ని చేర్చారు. అంగీలు పోస్టులో వచ్చేవి. లక్షల్లో చేరారు. నల్లవాళ్ళతో పాటు యూదులూ, వలసవచ్చినవాళ్ళూ, మా క్యాథలిక్కులూ శత్రువులయ్యారు. అమ్మమ్మకి ఏడేళ్ళప్పుడు మా చర్చి ముందు శిలువ కాల్చారు. మనం నల్లవాళ్ళమూ, క్యాథలిక్కులమూ కదా, ఒకే ఖర్చులో రెండు పనులు కానిచ్చుకున్నారు అంటుంది. 1950ల్లో మళ్ళీ. ఈసారి డైనమైట్. మా ఊరి వాళ్ళు "సైప్రస్ సోదరులు" అని వేరే పేరు పెట్టుకున్నారు. అంగీ మాత్రం అదే.

ఢిల్లీ గల్లీ వాక్యం కొట్టేస్తాను. కాలేజీలో నా గదిలో ఉన్న లలిత అనేది ఆ మాట, నోటికి అంటుకుపోయింది.

మిస్ జోసెలిన్ పెన్సిల్ తర్వాత మిగిలింది: "కొన్ని ఉద్రిక్త కాలాల్లో కొన్ని విచారకర సంఘటనలు జరిగాయి."

సంఘటనలు వాటంతటవే జరిగాయి. వానలాగా.

మార్చి 15, శనివారం

రోజంతా మనసులో జవాబులు చెప్పాను. అన్నీ అద్భుతంగా ఉన్నాయి.

మార్చి 20, గురువారం

వస్తువు ప్రదర్శనకు పెట్టేముందు దాని స్థితి రాయాలి. ఎక్కడ చిరిగింది, ఎక్కడ మరక. చేతికి తొడుగులు వేసుకుని అంగీని బల్ల మీద పరిచాను. చిరుగు లేదు. మోకాళ్ళ దగ్గర లేత పసుపు నీడ తప్ప మరక లేదు. మంచి గంజి. ఇన్నేళ్ళైనా మడతలు కత్తిలా ఉన్నాయి.

కింది అంచు తిరగేసి చూశాను. లోపలివైపు, కుట్టు పక్కన, వేలి గోరంత చోటులో రెండు నీలం కుట్లు, ఒక పసుపు ముడి.

బల్ల దీపం దగ్గరికి లాగి మళ్ళీ చూశాను.

ఆ కుట్లు నాకు తెలుసు. ఆరిళ్ళ బట్టలు ఒకే గంగాళంలో పడితే కలిసిపోతాయని అమ్మమ్మ ఇంటికొక గుర్తు పెట్టేది. బట్టలు ఉతికేవాళ్ళందరూ పెట్టేవాళ్ళు, కానీ అమ్మమ్మ ముడి వేరు. దారాన్ని మూడుసార్లు చుట్టి కింద నుంచి లాగుతుంది. నా స్కూలు యూనిఫారం అంచుల్లో కూడా కుట్టింది, మూడు ఎరుపు, అది మా ఇల్లు. సిస్టర్లు దాన్ని చూసి మెచ్చుకునేవాళ్ళు.

స్థితి కాగితంలో "బాగుంది" అని రాసి వచ్చేశాను.

మార్చి 24, సోమవారం

చెప్పేశాను. అమ్మమ్మ గింజలు కలుపుతుంటే, వీపు నా వైపు ఉన్నప్పుడు. ఎదురుగా ఉంటే చెప్పలేకపోయేదాన్ని.

ఏం రంగులు అని మాత్రం అడిగింది. చెప్పాను. నీళ్ళు తక్కువయ్యాయి, ఒక చెంబెడు తే అంది. తెచ్చాను. అంతే. భోజనం కాగానే మంచం మీద కూర్చుని జపమాల తీసింది. అది తీస్తే నాతో మాట్లాడనని అర్థం.

మార్చి 27, గురువారం

ఇంకా మాట్లాడలేదు. జపమాల అరిగిపోతుంది.

మార్చి 31, సోమవారం

చర్చి బల్లగుడ్డలు అమ్మమ్మే ఇస్త్రీ చేస్తుంది. శుక్లాల వల్ల కళ్ళు సరిగా కనపడవు, చేతికి తెలిసిపోతుంది. ఇవాళ ఇస్త్రీ చేస్తూ, నన్ను కాకుండా ఇస్త్రీ పెట్టెని చూస్తూ చెప్పింది.

ఆ అంగీ రెండు నెలలకొకసారి దుప్పట్ల మూటలో వచ్చేదట. ఇంటావిడ మొదటిసారి, అది మా వారు చర్చిలో పాటకి వేసుకునే గౌను అని చెప్పిందట. "ఆయనది కప్ప గొంతు," అంది అమ్మమ్మ. "ఆ గొంతుతో పాడితే దేవుడు లేచి బయటికి పోతాడు. అయినా చిత్తం అన్నాను. ఇంకేమనాలి?"

తాతయ్యని పాతిపెట్టిన తర్వాతి సోమవారం మూట వచ్చింది. అంగీ మోకాళ్ళ దాకా బయూ బురద.

ఆవిరి బుస్సుమంది.

"మొదటి ఉతుకుకి పోలేదు," అంది. "రెండోసారి ఉడకేసి, నీలిమందు పెట్టి ఉతికాను. గంజి పెట్టి ఇస్త్రీ చేశాను. ఎవ్వరూ వంక పెట్టలేనట్టు చేశాను. అయిదుగురు పిల్లలు. మూట తిప్పి పంపితే, దీనికి తెలిసిపోయిందని వాళ్ళకి తెలుస్తుంది. తర్వాత ఏమవుతుందో నాకు తెలుసు."

ఎవరి ఇల్లు అని అడిగాను.

"చెప్పను. పేరు చెప్తే, ఉతికిందెవరని అడుగుతారు."

ముప్పై ఎనిమిదేళ్ళు. పాపసంకీర్తనంలో ఎంతమంది ఫాదర్లకి చెప్పుకుందో. అందరూ క్షమించారట. వాళ్ళదేం పోయింది అంది.

ఏప్రిల్ 1, మంగళవారం

అమ్మమ్మ మీద కూడా చిరాకు పడ్డాను. ఆ ఒక్క పేరు. ఊళ్ళో అందరి దగ్గరా సిగ్గుపడాల్సినవాళ్ళు సిగ్గుపడకుండా తిరుగుతుంటే, మొత్తం సిగ్గంతా ఎనభై ఆరేళ్ళ మనిషి ఒక్కతే మోస్తుంది.

తర్వాత నా మీద నేనే చిరాకు పడ్డాను. నేను ఆఫీసులో నోరెత్తను, ఆవిడ మాత్రం ఊరందరి ముందూ చెప్పాలి.

ఏప్రిల్ 3, గురువారం

నోరెత్తాను. మీటింగులో. కుళాయి లేకుండా.

అంగీ అంచులో ఉతికేవాళ్ళ గుర్తు ఉందనీ, అది మా అమ్మమ్మదనీ, కాబట్టి అది ఆరిళ్ళలో ఒక ఇంటిదనీ చెప్పాను. "యజమాని తెలియదు" అన్నది నిజం కాదు అన్నాను. చేతులు బల్ల కింద పెట్టుకున్నాను.

మిస్టర్ వెండెల్ తన కళ్ళజోడు తుడిచారు. దారం ముక్క సాక్ష్యం కాదని ఒకాయన అన్నాడు. అసలు ఆ అంగీయే వద్దు, పూల కుండీ పెడదామని ఇంకొకావిడ. మిస్ జోసెలిన్ నవ్వింది. ఫిలోమెన్ నాకు తెలియదా, చిన్నప్పుడు మా ఇంటి వెనక వరండాలో నాకు మొక్కజొన్న రొట్టె పెట్టేది, బంగారం లాంటి మనిషి, కానీ ఆ వయసులో అన్నీ కలిసిపోతాయమ్మాయ్, అంది.

అమ్మమ్మ జీవితమంతా చేసిందే కలిసిపోకుండా చూడడం.

మా ఇంటి వెనక వరండా అంది. ఆ మాట దగ్గర నా బుర్ర ఆగింది.

ఏప్రిల్ 8, మంగళవారం

రెండో గదిలో పాతకాలపు భోజనాల బల్ల ఉంది. వెండి చెంచాలు, పింగాణీ, మధ్యలో కొవ్వొత్తులు. రోజూ దుమ్ము దులుపుతాను. బల్ల మీద పరిచిన గుడ్డ లేబుల్ నేనే రాశాను. "థాక్స్టన్ కుటుంబం విందుల్లో వాడిన బల్లగుడ్డ, 1955. విరాళం: మిస్ జోసెలిన్ థాక్స్టన్." దాని మీద పెన్సిల్ గీత ఒక్కటి కూడా పడలేదు.

ఇవాళ ఆ గుడ్డ నాలుగు మూలలూ తిరగేశాను.

నాలుగో మూల. రెండు నీలం, ఒక పసుపు.

ఏప్రిల్ 9, బుధవారం

అమ్మమ్మకీ, మిస్ జోసెలిన్‌కీ ఇద్దరికీ చెప్పలేదు. తల నొప్పి.

ఏప్రిల్ 13, మట్టల ఆదివారం

చర్చి నుంచి వస్తూ, చేతిలో మట్టలతో, అమ్మమ్మకి చెప్పాను. గుర్తు నీదని నిన్ను అడక్కుండా మీటింగులో అనేశాను, పేరు మాత్రం నువ్వు చెప్పలేదు, బల్లగుడ్డ చెప్పింది, నువ్వు వద్దంటే ఆ పేరు ఎవరికీ చెప్పను అన్నాను. ఆ మాట అనడానికి ఎంత కష్టమైందో. అనకపోతే నేనూ మూట పంపినవాళ్ళలో ఒకదాన్నవుతాను.

పది అడుగులు నడిచింది. నేను రొట్టె పెట్టానని మిస్ జోసెలిన్ నీకూ చెప్పిందా అని అడిగింది. చెప్పింది అన్నాను.

ఇంకో పది అడుగులు.

"నన్ను అక్కడికి తీసుకెళ్ళు," అంది.

ఏప్రిల్ 15, మంగళవారం

అమ్మమ్మ ఈస్టర్ టోపీ పెట్టుకుంది. అయిదు రోజుల ముందే. తెల్ల తొడుగులు. ఆ భవనం బ్యాంకుగా ఉన్నప్పుడు నల్లవాళ్ళు పక్క తలుపులోంచి వెళ్ళాల్సి వచ్చేదట. ఇవాళ నేను పక్క తలుపు తాళం తీయబోతే, వద్దని ముందు మెట్లెక్కింది. పదకొండు మెట్లు. మధ్యలో రెండుసార్లు ఆగింది.

మిస్ జోసెలిన్ లోపల లేబుళ్ళు తిరగేస్తూ ఉంది. పెన్సిల్ చెవి మీద.

"అరె, ఫిలోమెన్! ఎన్నాళ్ళయింది నిన్ను చూసి. బాగున్నావా?"

"బాగున్నానండి, మిస్ జోసెలిన్. మీ బల్లగుడ్డ చూద్దామని వచ్చాను."

అమ్మమ్మ కుడిచేతి తొడుగు తీసింది. బల్లగుడ్డ మూల వేళ్ళ మధ్య నలిపింది. తర్వాత అంగీ ఉన్న బల్ల దగ్గరికి తీసుకెళ్ళమంది. కింది అంచు ఎక్కడుందో నేను చూపించబోయాను. చూపించక్కర్లేకపోయింది. బొటనవేలు నేరుగా అక్కడికే వెళ్ళింది.

"రెండు చదును, ఒక ముడి," అంది. "మీ ఇల్లు. మీ అమ్మగారికి బల్లగుడ్డలకి పల్చని గంజి కావాలి. దీనికి మాత్రం గట్టిగా పెట్టమనేవారు."

మిస్ జోసెలిన్ చెవి మీది పెన్సిల్ తీసి బల్ల మీద పెట్టింది. నేను గోడ గడియారం వైపు చూశాను. ఆగిపోయి ఉంది, రెండేళ్ళుగా ఆగిపోయే ఉంది, బాగుచేయించమని నెలకోసారి రాస్తాను.

"నాన్నగారి బీరువాలో దొరికింది," అంది చివరికి. "తగలబెడదామని రెండుసార్లు పెరట్లోకి తీసుకెళ్ళాను. చేతులు రాలేదు. పెట్టెలో పెట్టి తెల్లారకముందే వెనక తలుపు దగ్గర దింపింది నేనే."

అంటే ఆరు వారాలుగా నా వాక్యాల్లోంచి మనుషుల్ని కొట్టేసిన పెన్సిలూ, ఆ పెట్టె తెచ్చిన చెయ్యీ ఒకటే. జాలి పడాలేమో. నాకు అరవాలనిపించింది. తపస్కాలం కనక అరవలేదు.

అమ్మమ్మకి ఆశ్చర్యమేమీ కలగలేదు. దీని మీద మీ నాన్నగారి పేరు రాయించండి అంది. నా భర్తని పాతిపెట్టాక వచ్చిన సోమవారం ఇది బురదతో నా దగ్గరికి వచ్చింది, అదీ రాయించండి అంది.

మిస్ జోసెలిన్ అంగీ వంకే చూస్తూ, "మరి మీ పేరు బయటికొస్తుంది. మీరు ఉతికారని ఊరందరికీ తెలిసిపోతుంది. మీకెందుకు ఆ..." అని ఆగింది.

"నా పేరు కూడా రాయించండి," అంది అమ్మమ్మ. "ఉతికింది నేనే. శ్రీమతి అని పెట్టి రాయించండి."

తొడుగు మళ్ళీ వేసుకుంది. ఒక్కొక్క వేలూ సర్దుకుంది. ముందు తలుపులోంచే బయటికి వచ్చాం.

ఏప్రిల్ 17, పవిత్ర గురువారం

లేబులూ, గోడ మీద చరిత్రా మళ్ళీ రాసి కమిటీకి ఇచ్చాను. ఆరుగురు అడ్డు చెప్పారో, అయిదుగురో తెలియదు, నన్ను బయట కూర్చోబెట్టారు. గంటన్నర. మిస్టర్ వెండెల్ గొంతు పెద్దగా వినిపించింది, ఆయనకి అంత గొంతుందని తెలియదు. ఒకావిడ ఏడుస్తూ వెళ్ళిపోయింది. పూల కుండీ ఆవిడ.

మిస్ జోసెలిన్ బయటికి వచ్చి నా వైపు చూడకుండా కారెక్కింది.

ఏప్రిల్ 19, శనివారం

మిస్టర్ వెండెల్ కాగితాలు ఇంటికి తెచ్చి ఇచ్చారు. లోపలికి రమ్మంటే రాలేదు, మెట్ల మీదే నిలబడ్డారు. గోడ మీద చరిత్ర నేను రాసింది రాసినట్టే ఉంది. "ఓరేలియన్ గిడ్రీని చంపారు. ఎవరి మీదా విచారణ జరగలేదు." పెన్సిల్ పడలేదు.

లేబుల్ మీద మాత్రం ఒకచోట పెన్సిల్ ఉంది. "విరాళం: తెలియదు" అని రాశాను, మిస్ జోసెలిన్ పరువు ఆవిడే చూసుకుంటుందని. ఆ "తెలియదు" కొట్టేసి ఉంది. పైన గుండ్రటి అక్షరాలతో ఆవిడ పేరు.

ఈ ఒక్క దిద్దుబాటుకి మాత్రం నాకు అభ్యంతరం లేదు.

ఏప్రిల్ 20, ఈస్టర్

ఇక సణగొచ్చు. ఏమీ తోచలేదు.

ఏప్రిల్ 26, శనివారం

అంగీ. ఎల్డన్ థాక్స్టన్‌ది. సైప్రస్ సోదరుల సభ్యుడు.
1965 ఆగస్టు 23, సోమవారం, మోకాళ్ళ దాకా బయూ బురదతో ఉతకడానికి వచ్చింది.
ఉతికినవారు: శ్రీమతి ఫిలోమెన్ గిడ్రీ.
గుర్తు కనిపించేలా అంచు తిప్పి ఉంచాం. పక్క గదిలోని బల్లగుడ్డతో పోల్చి చూడండి.
విరాళం: జోసెలిన్ థాక్స్టన్.

ఏప్రిల్ 28, సోమవారం

అమ్మమ్మ ఇవాళ చిక్కుడు గింజలు వండలేదు. చేప వేయించింది.

సోమవారం కదా అన్నాను.

ఉతుకుడు లేదుగా అంది.